సీక్రెట్ లేక్ ఎవరికి రహస్యం?



చెరువుల మీద రాస్తున్న ఈ వరుసలో ఇప్పటిదాకా ఊరి చెరువుల గురించే మాట్లాడుకున్నాం. ఈసారి మాదాపూర్ పోదాం, దుర్గం చెరువుకు. వానలు వెనకపట్టు పట్టి, చలి ఇంకా దిగని రోజులివి. చెరువులు నిండుగా ఉన్నాయి. దసరా సెలవుల్లో మీలో చాలామంది వాట్సాప్ స్టేటస్‌లు చూశాను. వెనక కేబుల్ బ్రిడ్జి, మెడలో లైఫ్ జాకెట్, కింద పెడల్ బోటు. ఒకరిద్దరు గాలం పట్టుకుని కూడా ఫొటో దిగారు. బాగున్నాయి. ఆ ఫొటోల కింద ఎక్కువగా కనిపించిన మాట 'సీక్రెట్ లేక్'. ఈ భాగం ఆ మాట గురించే.

గుట్టల మధ్య, బయటికి కనపడకుండా ఉండేది కాబట్టి ఆ పేరు వచ్చిందంటారు. గోల్కొండ కోటకు నీళ్ళు ఈ చెరువు నుంచే మట్టి గొట్టాల ద్వారా వెళ్ళేవని చరిత్రలో చదువుకుంటాం. 1518 నుంచి 1687 దాకా కుతుబ్‌షాహీల కాలం. కోట మీద ఔరంగజేబు ముట్టడి నెలల తరబడి సాగినా శత్రువుకు ఈ చెరువు జాడ దొరకలేదని గైడ్లు కథ చెప్తారు. కథ నిజమో కాదో పక్కన పెట్టండి. నాకు వేరే అనుమానం ఉంది. చెరువు అన్న తర్వాత దానికి కట్ట ఉంటుంది, తూము ఉంటుంది, మత్తడి ఉంటుంది. తూము ఎప్పుడు తెరవాలో, ఎంత తెరవాలో, ఎప్పుడు బిగించాలో తెలిసిన మనిషి ఒకడు ఉంటాడు. అతనికి అది ఏ రోజూ రహస్యం కాదు. కోటలో ఉన్నవాళ్ళకు, దాన్ని ముట్టడించినవాళ్ళకు, ఇవాళ ఇరవయ్యో అంతస్తు అద్దంలోంచి చూసేవాళ్ళకు మాత్రమే అది రహస్యం.

ఆ మనిషిని తెలంగాణలో నీరటి అంటారు, నీరడి అంటారు. రాయలసీమలో నీరుగంటి. మా వైపు ఊళ్ళలో ఈ పని ఎక్కువగా మాలలది, కొన్ని ఊళ్ళలో మాదిగలది. ఉమ్మడి మెదక్ జిల్లాలో మా అమ్మ వాళ్ళ నాన్న నీరడి. కాబట్టి ఈ పని గురించి నాకు పుస్తకాల కంటే ముందు ఇంట్లోనే తెలిసింది.

పాత చెరువుల తూము ఎట్లా ఉంటుందో మీలో చాలామంది చూసి ఉండరు. కట్టకు లోపలి వైపు, నీళ్ళలో, రెండు రాతి స్తంభాలు నిలబడి ఉంటాయి. వాటి మీద అడ్డంగా బండలు. ఆ బండల నడుమ రంధ్రాల్లోంచి నిలువుగా ఒక పొడుగాటి కర్ర దిగుతుంది. కర్ర చివర లావుపాటి మొద్దు, అడుగున ఉన్న రాతి రంధ్రానికి అదే మూత. మొద్దు లేపితే నీళ్ళు కట్ట కింది నుంచి కాలువలోకి పోతాయి. నీరడి ఆ స్తంభాల దాకా ఈదుకుంటూ పోవాలి. కర్ర ఇరుక్కుంటే ముక్కు మూసుకుని అడుగుకు మునగాలి. చెరువు నిండా నీళ్ళున్నప్పుడు ఆ రంధ్రం దగ్గర గుంజుడు ఎట్లా ఉంటుందో ఊహించండి. కాలు గానీ చెయ్యి గానీ అటు లాగితే మనిషి పైకి రాడు.

అది పగటి పని. భాద్రపదంలో ముసురు పడితే రాత్రి పని వేరే. కట్ట మీద గొంగడి కప్పుకుని, కందిలి పట్టుకుని తిరగాలి. ఎక్కడ బుంగ పడుతుందో, ఎక్కడ నీరు చెమ్మగిల్లుతుందో చూడాలి. మత్తడి దుంకితే ఊరంతా చూడటానికి వస్తుంది, పండుగ చేసుకుంటుంది. మత్తడి దుంకే ముందటి రాత్రి మేలుకుని ఉండేది నీరడి ఒక్కడే. తర్వాత వంతులు. ఏ మడికి ఎన్ని గంటలు, ఎవరి తర్వాత ఎవరు. పెద్ద రైతు వంతు దాటి నీళ్ళు కావాలంటే నీరడి వెనుకాముందూ చూసుకోవాలి. ఇయ్యకపోతే దెబ్బలు, ఇస్తే తోక మడి రైతు శాపనార్థాలు. ఇంత చేసినందుకు కల్లం దగ్గర మేర కింద కొన్ని గింజలు. మా తాతకు ఆయకట్టు మొత్తం గట్లతో సహా కంఠస్తం. ఆ ఆయకట్టులో ఆయనకు ఒక్క మడి లేదు.

పని మీద హక్కు కాదు, బాధ్యత మాత్రమే. నీళ్ళలో ఒళ్ళు మునగాలి, ఆ నీళ్ళు కుండలో ముంచుకోవడానికి మాత్రం రేవు వేరు. తూము కాడ మునిగి లేచిన మనిషి వల్ల మైలపడని చెరువు, అతని భార్య కుండ ముంచితే ఎట్లా మైలపడుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మా అమ్మమ్మ ఈ ప్రశ్న ఇంకా మొరటుగా అడిగేది, ఆ మాట ఇక్కడ రాయలేను.

ఇప్పుడు నా సబ్జెక్టులోకి వస్తాను. తెలుగు ఎం.ఏ. చదివినవాళ్ళకు అష్టాదశ వర్ణనలు గుర్తుంటాయి. మహాకావ్యమన్నాక నగరం, సముద్రం, కొండ, ఋతువులు, సూర్యచంద్రోదయాలు వర్ణించాలి. ఆ జాబితాలో జలక్రీడ ఒకటి. దండి కావ్యాదర్శంలోనే అది ఉంది. అంటే నీళ్ళలో ఆడుకోవడం మన సాహిత్యంలో కావ్యానికి ఒక అర్హత. ప్రబంధాల్లో రాజులు, రాణులు, చెలికత్తెలు కొలనుల్లో దిగుతారు, నీళ్ళు చల్లుకుంటారు, తామరలు కోస్తారు. శరత్తు మన కవులకు మరీ ఇష్టం. నన్నయ రాసిన చివరి పద్యం శరత్కాలపు రాత్రుల మీదే అని ఏటా క్లాసులో చెప్తాను, అది గొప్ప పద్యం, చెప్తున్నప్పుడు నాకూ సంతోషంగానే ఉంటుంది. ఆముక్తమాల్యదలో వాన, శరత్తు వర్ణనలకు సాటి లేదు, అదే పుస్తకంలో మాలదాసరి కథా ఉంది. కానీ పద్దెనిమిది వర్ణనల్లో తూము తీసే మనిషికి చోటు లేదు. కొలను ఎప్పుడూ నిండి ఉంటుంది, ఎవరు నింపారో ఎవరూ అడగరు. సీక్రెట్ లేక్ బోటింగ్ వీడియోలు చూసినప్పుడు నాకు ప్రబంధమే గుర్తొస్తుంది. వర్ణన మారలేదు, కెమెరా వచ్చింది.

శాసనాలు కూడా అంతే. చెరువు తవ్వించడం సప్తసంతానాల్లో ఒకటి, కాబట్టి తవ్వించినవాడి పేరు రాయి మీద ఉంటుంది. 1213 నాటి రామప్ప చెరువుకు, పాకాలకు, లక్నవరానికి కాకతీయుల పేరు ఉంది. 2015 మార్చి 12న మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకానికి మిషన్ కాకతీయ అని పేరు పెట్టారు. రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులు, కుంటలు లెక్క తేల్చారు. మంచి పనే, పూడిక తీయడాన్ని ఎవరు కాదంటారు? మిషన్ నీరడి అని మాత్రం ఎవరికీ తట్టలేదు.

విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పేస్ ఒక చెరువు కడుతుండగా చూశాడు. పదిహేను, ఇరవై వేల మంది పనిచేస్తున్నారని రాశాడు. కట్ట రెండు మూడు సార్లు తెగితే దేవుడికి రక్తం కావాలని పూజారులు చెప్పారట, అరవై మంది తలలు తీయించారని ఆయన రాతలో ఉంది. మన ఊరి కట్టల మీద మైసమ్మ ఎందుకు కూర్చుందో, కట్ట నిలవడానికి ఎవరినో బలి ఇచ్చారనే కథ ఎందుకు ప్రతి ఊళ్ళో ఉందో దీన్ని చదివాక కొంచెం అర్థమవుతుంది. కట్ట మైసమ్మ మన దేవత. ఆమె గుడి కట్ట మీద ఉండటం శోభ కోసం కాదు.

ఇక పడవ సంగతి. హైదరాబాద్ చెరువుల మీద సరదా పడవకు పాత చరిత్రే ఉంది. 1562లో కట్టిన హుస్సేన్‌సాగర్ పక్కన సికింద్రాబాద్ కంటోన్మెంట్ వచ్చాక తెల్లదొరలకు తెరచాప పడవలు, రోయింగ్ సాయంకాలపు కాలక్షేపమయ్యాయి. బోట్స్ క్లబ్ అనే పేరు ఇప్పటికీ ఆ చోట ఉంది. గాలం వేసి చేపలు పట్టే సరదాకు పుస్తకాలే వచ్చాయి. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెచ్.ఎస్. థామస్ అనే దొర 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా' రాశాడు, 1887లో 'ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా' అని మన చెరువుల్లో గాలం వేయడం మీదే ఒక పుస్తకం రాశాడు. ఆకలి కోసం చేపలు పట్టేవాడిని బెస్త అన్నారు, ముదిరాజు అన్నారు. ఆకలి లేకుండా పట్టేవాడిని స్పోర్ట్స్‌మన్ అన్నారు.

చేపల విషయంలో మనం జాగ్రత్తగా మాట్లాడాలి. చెరువులో వల గంగపుత్రులది, ముదిరాజులది. వాళ్ళ సొసైటీల మధ్య హక్కుల తగాదాలు ఉన్నాయి. అవి బీసీ సోదరుల బతుకు తగాదాలు, మనం తీర్పు చెప్పేవాళ్ళం కాదు. ఈ కాలం వాళ్ళకు చేపలు పట్టే కాలం కూడా కాదు, విడిచే కాలం. 2016-17 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్న రవ్వ, బొచ్చె, బంగారుతీగ పిల్లలను చెరువులు నిండాక ఈ నెలల్లోనే వదులుతారు. ఎండాకాలంలో నీళ్ళు తగ్గినప్పుడు వల వేస్తారు. మాల, మాదిగ వాడలకు వచ్చిన చేప వేరు. కాలువ తెగినప్పుడు బురదలో చిక్కిన పరకలు, మడి గట్ల కింద దొరికిన జెల్లలు, వానపాము గుచ్చిన గాలానికి పడిన ఒక్క మట్ట పిల్ల. అది కూడా ఎవరూ చూడకుండా. కొర్రమట్ట ఇవాళ తెలంగాణ రాష్ట్ర చేప. మా అమ్మ చిన్నప్పుడు అది దొర ఇంటికి పోయే చేప, మన ఇంటికి వచ్చేది ఎండు చేప.

ఐటీ కారిడార్‌లో ముందు పోయింది ఆ వల వేసేవాళ్ళ బతుకే. 1998 నవంబర్ 22న వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించారు. ఆ తర్వాత పదేళ్ళలో మాదాపూర్, గుట్టల బేగంపేట, రాయదుర్గ్ పాన్‌మక్తా, ఖానామెట్ ఊళ్ళుగా కనుమరుగై పిన్‌కోడ్‌లు అయ్యాయి. ఆయకట్టు లేనప్పుడు తూముతో పనేముంది? దుర్గం చెరువులోకి వాన నీళ్ళతో పాటు కాలనీల మురుగు వచ్చింది, గుర్రపు డెక్క పరచుకుంది. 2000ల తొలి ఏళ్ళలోనే పర్యాటక శాఖ అక్కడ బోట్లు దింపింది, డెక్క మధ్యలో బోట్లు తిరిగిన రోజులూ ఉన్నాయి. తర్వాత శుద్ధి ప్లాంట్లు, కార్పొరేట్ నిధులు, నడక దారి, లైట్లు. 2020 సెప్టెంబర్ 25న సుమారు 184 కోట్ల కేబుల్ బ్రిడ్జి. కారిడార్ అంచుల్లోని చెరువుల గతి ఇంకా అధ్వానం. అమీన్‌పూర్ దగ్గర గండిగూడెం చెరువులో 2017 అక్టోబర్‌లో, సరిగ్గా ఇదే కాలంలో, టన్నులకొద్దీ చేపలు తెల్లగా తేలాయి. మత్స్యకారులు తెప్పల మీద పోయి చచ్చిన చేపలను ఒడ్డుకు చేర్చారు.

మొన్న ఒక విద్యార్థిని ఫోన్ చేసి, 'సార్, ఇంతకీ మేం బోటింగ్ చేయొద్దంటారా?' అని అడిగింది. అమ్మా, తప్పకుండా చేయండి. ఎందుకు చేయాలో చెప్పడానికే మనకు అంబేడ్కర్ రాసిపెట్టిన ఒక విహారయాత్ర ఉంది.

మహాద్ చవదార్ చెరువు మీకు తెలుసు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ దోసిలితో నీళ్ళు తాగారు. ఆ చెరువు మీద హక్కు బొంబాయి హైకోర్టులో తేలడానికి 1937 మార్చి దాకా పదేళ్ళు పట్టింది. (హైటెక్ సిటీ మెట్రో 2019లో మొదలైంది కూడా మార్చి 20నే. రిబ్బను కత్తిరించినవాళ్ళకు ఆ తేదీ గుర్తుండి ఉండదు.) మహాద్‌ను అందరం తలుచుకుంటాం. మన నిజాం రాష్ట్రంలో జరిగింది మాత్రం తక్కువగా చెప్పుకుంటాం. 1934లో అంబేడ్కర్, ఆయన సహచరులు దాదాపు 30 మంది వెరూళ్ గుహలు చూడటానికి బయల్దేరారు. ఉద్యమానికి కాదు, చూడటానికి. దారిలో దౌలతాబాద్ కోట దగ్గర ఆగారు. కోట ద్వారం ముందు నిండుగా నీళ్ళున్న చిన్న కొలను. ప్రయాణపు దుమ్ము కడుక్కోవడానికి కొందరు ముఖం కడుక్కున్నారు. అంతే. ఒక ముసలాయన అరుస్తూ పరుగెత్తుకొచ్చాడు, అంటరానివాళ్ళు మా కొలను మైల చేశారని. గుంపు చేరింది, కొట్టేదాకా పోయింది. చివరికి ఒక సాయుధ సిపాయిని వెంట ఇచ్చి, కోటలో ఎక్కడా నీళ్ళు ముట్టకుండా చూడమని చెప్పి లోపలికి పంపారు. ఇది 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఉంది. హిందువుకు అంటరానివాడు ముస్లింకూ అంటరానివాడే అయ్యాడని చెప్పడానికి ఆయన దీన్ని రాశారు. దీన్ని మతాల మీదికి తోసి లాభం చూసుకునేవాళ్ళు ఉంటారు, వాళ్ళకు అవకాశం ఇవ్వకండి. కులం మతం మారినా నీళ్ళను వదలలేదన్నదే అక్కడి విషయం.

కొలంబియాలో, లండన్‌లో చదివిన మనిషి, బారిస్టరు, రౌండ్ టేబుల్ సమావేశాలకు వెళ్ళొచ్చినవాడు, సెలవు రోజున నీళ్ళ ఒడ్డున ముఖం కడుక్కోలేకపోయాడు. దాహానికి నీళ్ళ హక్కు ఒకటి. ఊరికే నీళ్ళ దగ్గర కూర్చోవడానికి, తడవడానికి, పడవ ఎక్కడానికి హక్కు ఇంకొకటి. రెండోది ఎప్పుడూ పోరాటాల డిమాండ్ల పట్టీకి ఎక్కలేదు, ఎక్కించడానికి మనకు తీరిక ఎక్కడిది? యాభై ఏళ్ళు దాటినా అదే కథ. 1985 జూలైలో కారంచేడులో గొడవ మొదలైంది మాదిగల తాగునీటి చెరువు దగ్గరే, నీళ్ళు ఎందుకు పాడుచేస్తున్నారని అడిగినందుకు. నీళ్ళ బిందె ఎత్తి ఎదురు నిలిచిన సువార్తమ్మను మనం మరచిపోలేదు. మర్నాడు, జూలై 17న, ఆరుగురిని చంపారు.

హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుడి దగ్గరికి పోయే పడవ ఎక్కే మిత్రులకు ఇంకొక సంగతి. ఆ విగ్రహాన్ని 1990 మార్చి 10న తెప్ప మీద తీసుకుపోతుంటే తెప్ప ఒరిగి విగ్రహం నీళ్ళలో పడింది, దాన్ని మోసుకుపోతున్న కార్మికులు మునిగి చనిపోయారు. బుద్ధుడిని 1992 డిసెంబర్‌లో నిలబెట్టారు. ఇవాళ ఐదు నిమిషాల్లో చేరే ఆ దారిలోనే వాళ్ళు మునిగింది.

మళ్ళీ మాదాపూర్ వద్దాం. దుర్గం చెరువు నీళ్ళలో దిగే పని ఇప్పుడు ఎవరిది? డెక్క తీయడానికి యంత్రాలు వచ్చాయి, యంత్రం పోలేని చోట మనిషే. చెరువులో మురుగు కలవకుండా ఉండాలంటే కాలనీల కింద పైపులు పారుతూ ఉండాలి, అవి ఎక్కడైనా అడ్డుపడితే ఎవరో దిగాలి. 2016 ఆగస్టులో మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో మ్యాన్‌హోల్‌లో దిగిన కార్మికులు ఊపిరాడక చనిపోయారు. కాపాడబోయిన క్యాబ్ డ్రైవర్ కూడా. మొత్తం నలుగురు. మనిషిని మురుగులో దింపడాన్ని నిషేధించిన 2013 చట్టం అప్పటికే దాదాపు మూడేళ్ళుగా అమల్లో ఉంది. అట్లా చనిపోయినవారి కుటుంబానికి ఇవ్వాల్సిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2014లో 10 లక్షలన్నది, 2023 అక్టోబర్‌లో 30 లక్షలు చేసింది. తూము రంధ్రంలో మునిగిన మనిషికీ మ్యాన్‌హోల్‌లో దిగిన మనిషికీ మధ్య నాకు పెద్ద తేడా కనపడదు. మా తాతకు నీళ్ళయినా మంచివి.

చెరువును కాపాడాలన్నప్పుడు కూడా తూకం ఒకేలా లేదు. 2024 ఆగస్టులో దుర్గం చెరువు చుట్టూ ఉన్న కాలనీల గోడలకు నోటీసులు అంటించారు, ఖాళీ చేయడానికి గడువు ఇచ్చారు, వాళ్ళు కోర్టుకు పోయారు. అది సరైన పద్ధతే, చట్టం అందరికీ అట్లాగే ఉండాలి. సెప్టెంబర్‌లో కూకట్‌పల్లి నల్లచెరువు దగ్గర మాత్రం ఆదివారం పొద్దున్నే బుల్డోజర్లు వచ్చాయి. రేకుల షెడ్లలో చిన్న వ్యాపారం చేసుకునేవాళ్ళు సామాను తీసుకునే సమయం ఇవ్వమని ఏడ్చారు.

నీరడి ఏమయ్యాడు అంటే, కాగితం మీద బతికే ఉన్నాడు. 1955 నాటి ఇనాముల రద్దు చట్టం తెరిచి చూడండి. సేత్‌సింధీ, నీరడి, బలూతా ఇనాములు అని పేర్లు పెట్టి రాసి ఉంది. ఊరికి సేవ చేసినందుకు ఇచ్చిన భూములవి. ఆ సేవకులే తర్వాత గ్రామ సేవకులయ్యారు, ఆ తర్వాత వీఆర్‌ఏలయ్యారు. 2023లో ఆ వ్యవస్థను రద్దు చేసి, నీటిపారుదల సహా వేరువేరు శాఖల్లో సర్దారు. హాజరు పట్టీలో ఇంటిపేరు నీరడి అని ఉన్న విద్యార్థి నా క్లాసులోకి వచ్చినప్పుడల్లా ఆ మాటకు అర్థం తెలుసా అని అడుగుతాను. చాలామందికి తెలియదు. కొందరు ఆ ఇంటిపేరు మార్చుకోవాలనుకుంటున్నామని చెప్పారు.

మీలో చరిత్ర, తెలుగు, న్యాయశాస్త్రం చదువుతున్నవాళ్ళకు ఒక పని. 1954-55 ఖాస్రా పహాణీ మన దగ్గర పాత భూముల లెక్కకు మూలం. మీ ఊరిది తీయండి. చెరువు సర్వే నంబరు, దాని శిఖం, దాని పక్క నంబర్లు రాసుకోండి. పట్టాదారు గడి, ఇనాం గడి, అనుభవదారు గడి వేరువేరుగా చూడండి. ఎక్కడైనా నీరడి అనే మాట కనపడితే ఆ పేజీ ఫొటో తీసి, ఊరు, మండలం రాసి నాకు మెసేజ్ చేయండి. శేరిలింగంపల్లి, రాజేంద్రనగర్ వైపు పిల్లలు ముందు మొదలుపెట్టండి, అక్కడ భూమి రేటు ఎక్కువ కాబట్టి కాగితం తొందరగా మాయమవుతుంది. ఇంట్లో ముసలివాళ్ళు ఉంటే తూము పేర్లు అడగండి. ప్రతి తూముకూ పేరు ఉండేది. మా తాత ఊళ్ళో మూడు ఉండేవి: పెద్ద తూము, నడిమి తూము, మాలోల్ల తూము. మూడోదాని కింద ఆయకట్టు అందరికంటే తక్కువ, నీళ్ళు అందరికంటే ఆఖరున వచ్చేవి.